ఒకే గూటిలో పార్టీ, ప్రభుత్వం: కర్నూలు సీమ ముప్పై ఏళ్ళ కథ

1953 అక్టోబరు 1న జవహర్‌లాల్ నెహ్రూ కర్నూలుకు వచ్చి ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు. అప్పటికి ఆ ఊళ్ళో రాజధానికి చాలినన్ని భవనాలు లేవు. మద్రాసు నుంచి తరలివచ్చిన ఆఫీసుల్లో చాలావాటిని డేరాల్లో సర్దారు. అద్దె ఇల్లు దొరకని ఉద్యోగులు కూడా డేరాల్లోనే కాపురం పెట్టారు. అందుకే పాతతరం ఇప్పటికీ కర్నూలును డేరాల రాజధానిగానే తలుచుకుంటుంది. ఇలా ప్రభుత్వానికి నిలువ నీడ అయినా సరిగ్గా లేని ఆ రోజుకు, దాన్ని నడపబోయే కాంగ్రెస్‌కు మాత్రం ఆంధ్రలో ముప్పై అయిదేళ్ళ సంసారం ఉంది. ఆంధ్ర జిల్లాలకు ప్రత్యేక కాంగ్రెస్ సంఘం 1918లోనే ఏర్పడింది. మద్రాసు రాష్ట్ర పటం మీద ఆంధ్ర అనే ముక్క ఇంకా లేని రోజుల్లోనే కాంగ్రెస్ పటం మీద ఆ ముక్క వచ్చేసింది.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత స్వతంత్రమైన దేశాలన్నిటా కాస్త అటూ ఇటూగా ఇదే వరస. వలస పాలనతో పోరాడిన పార్టీ పాతది, దాని చేతికి వచ్చిన ప్రభుత్వం కొత్తది. కార్యకర్తలు, కమిటీలు, చందాలు, జైలు అనుభవం, ఊరూరా మనుషులు పార్టీకి ముందే ఉన్నాయి. అటువంటి పార్టీ గద్దెనెక్కాక దాన్ని దించే శక్తి ఎక్కడి నుంచి రావాలి? ఈ ప్రశ్నకు ఘనా ఒక రకంగా, పాకిస్తాన్ ఇంకో రకంగా, బర్మా మరో రకంగా జవాబు చెప్పాయి. కర్నూలు, నంద్యాల, డోన్ ప్రాంతం చెప్పిన జవాబు వాటికి భిన్నమైనది. అది సవ్యంగా, ఒక పద్ధతి ప్రకారం వచ్చిన జవాబు కాదు. ఒక ఓటు, ఒక కోర్టు తీర్పు, ఒక లోక్‌సభ స్థానం, ఇలా అంచెలంచెలుగా వచ్చింది.

ఈ కథను బేతంచెర్ల నుంచి చూడడం వల్ల ఒక సౌలభ్యం ఉంది. గుంతకల్లు–నంద్యాల రైలు మార్గంలో ఉన్న ఈ ఊరికి తూర్పున కర్నూలు–కడప కాలువ పారే నంద్యాల నల్లరేగడి, పడమర వానకు ఎదురుచూసే డోన్ మెట్టనేల. ఊరి బతుకుదెరువులో పెద్దపాలు నాపరాయిది. గనిలో తీసిన బండను పలకలుగా కోసి, నునుపు చేసి లారీలకెత్తడం ఇక్కడి పని. దక్షిణాన ఉన్న బనగానపల్లె 1948 దాకా నవాబు ఏలిన సంస్థానం. అది ఆ ఏడు మద్రాసు రాష్ట్రంలో విలీనమై కర్నూలు జిల్లాలో కలిసింది. అంటే నీటి సీమకూ నీరు లేని సీమకూ, బ్రిటిష్ ఇలాకాకూ నవాబు ఇలాకాకూ హద్దుల మీద ఉన్న చోటు ఇది. కొత్త ప్రభుత్వం వల్ల ఎవరికి ఏం దక్కిందన్నది ఇటువంటి చోట తేటగా తెలుస్తుంది.

కర్నూలు రాజధాని కావడానికి మూలం 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక. కోస్తా వాళ్ళు చదువులోనూ వ్యాపారంలోనూ ముందున్నారనీ, ప్రత్యేక రాష్ట్రం వస్తే తమ మీద పెత్తనం చేస్తారనీ రాయలసీమ నాయకులకు అనుమానం. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 1928లో నంద్యాలలో జరిగిన సభలోనే దత్తమండలాలనే పాత పేరు వదిలి రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నారు. ఆ అనుమానం తీర్చడానికి మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో ఇరుపక్షాలూ కూర్చున్నాయి. రాయలసీమ తరఫున కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు వంటివారు, కోస్తా తరఫున భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య వంటివారు మాట్లాడుకున్నారు. కుదిరిన మాటలు ఇవి: రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో రాయలసీమ కోరుకోవచ్చు. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్ళ వాడకంలో ఆ జిల్లాలకు పదేళ్ళ పాటు మొదటి హక్కు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం. శాసనసభలో జిల్లాలకు సమాన స్థానాలు.

ఈ కాగితానికి చట్టబలం లేదు. ఏ శాసనసభా దాన్ని ఆమోదించలేదు. రాసుకున్నవాళ్ళు ఒకే కుదురుకు చెందిన రాజకీయ నాయకులు, రాసుకున్నది ఒక పెద్దమనిషి ఇంట్లో. అయినా పదహారేళ్ళ తరువాత రాజధాని ఎక్కడన్న ప్రశ్న వచ్చేసరికి ఆ కాగితమే చెల్లింది. విజయవాడ–గుంటూరు ప్రాంతమే తగినదని కమ్యూనిస్టులు వాదించారు. జనసంఖ్య, రోడ్లు, రైళ్ళు లెక్క చూస్తే ఆ వాదనకు బలం ఉంది. కానీ కాంగ్రెస్ ఇచ్చిన మాట తప్పితే రాయలసీమ కొత్త రాష్ట్రంలో మనస్ఫూర్తిగా ఉండదు. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్ళాయి. నీళ్ళ మాట మాత్రం రాజధాని మాటలా నిలవలేదు. కృష్ణ మీద ముందుగా 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు. శ్రీశైలానికి ఆ ముహూర్తం 1963లో గానీ రాలేదు, అదీ కరెంటు ప్రాజెక్టుగా. పార్టీ మాట మీద నిలిచే ఒప్పందానికి ఉన్న బలమూ బలహీనతా రెండూ ఇందులో కనిపిస్తాయి. పార్టీకి అవసరం ఉన్నంత వరకు అది శాసనం. అవసరం తీరాక అడిగే నాథుడు ఉండడు.

ఇక ప్రభుత్వం. పార్టీ పాతదే గానీ 1953 నాటికి దాని ఇల్లు చీలి ఉంది. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి నీలం సంజీవరెడ్డి, ఎన్.జి.రంగా పోటీపడగా సంజీవరెడ్డి గెలిచారు. రంగా, టంగుటూరి ప్రకాశం కాంగ్రెస్ వదిలి బయటికి వెళ్ళారు. మొదట ఇద్దరూ కలిసి ఒక పార్టీ, తరువాత ఎవరి దారి వారిది. ప్రకాశం పక్షం కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో కలిసింది. రంగా కృషికార్ లోక్ పార్టీ పెట్టుకున్నారు. 1952 ఎన్నికల్లో దాని ఫలితం కళ్ళకు కట్టింది. ఆంధ్ర జిల్లాల్లో కాంగ్రెస్‌కు 40 స్థానాలు వస్తే కమ్యూనిస్టులకు 41 వచ్చాయి. సంజీవరెడ్డే అనంతపురంలో తన బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు.

ఆ పరిస్థితిలో కొత్త రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఎవరు? నిన్నటిదాకా కాంగ్రెస్‌ను తిట్టిపోసిన ప్రకాశాన్నే కాంగ్రెస్ పిలిచి పీట వేసింది. సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి అయ్యారు. చందూలాల్ త్రివేది గవర్నరు. సభలో సభ్యులు 140 మంది. ఎవరికీ సొంత బలం చాలదు. కమ్యూనిస్టులను గద్దెకు దూరంగా ఉంచడమన్న ఒక్క లెక్క మీద కట్టిన మంత్రివర్గం అది.

అది పదమూడు నెలలే నిలిచింది. దాన్ని కూల్చింది కల్లు. మద్రాసు రాష్ట్రం నుంచి వారసత్వంగా వచ్చిన మద్య నిషేధం వల్ల గీత పని మీద బతికే కుటుంబాలు వీధిన పడ్డాయి. దొంగసారా పెరిగింది. ఖజానాకు రాబడి పోయింది. ఎస్.వి.రామమూర్తి అధ్యక్షతన వేసిన కమిటీ నిషేధం ఎత్తివేయాలని చెప్పింది. మద్య నిషేధం గాంధీజీ ఆశయం. దాన్ని వదులుకోవడానికి కాంగ్రెస్‌కు మనసొప్పలేదు. కృషికార్ లోక్ పార్టీ నాయకుడు గౌతు లచ్చన్న గీత కార్మికుల పక్షాన ఉద్యమం నడిపారు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఓటుకు వచ్చింది. ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. వారం పైచిలుకు తిరిగేసరికి, నవంబరు 15న, రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఈ తేదీలను పక్కదేశం తేదీలతో కలిపి చదివితే ఆ ఒక్క ఓటు విలువ తెలుస్తుంది. అదే ఏడాది అక్టోబరు 24న పాకిస్తాన్ గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ రాజ్యాంగ సభను రద్దు చేశారు. దేశం ఏర్పడి ఏడేళ్ళయినా రాజ్యాంగం రాని చోట, దాన్ని రాయాల్సిన సభనే ఇంటికి పంపారు. అక్కడ సార్వత్రిక ఎన్నికలు 1970 దాకా జరగలేదు. కర్నూలులో పడిపోయింది మంత్రివర్గం ఒక్కటే. సభలో లెక్కపెట్టిన ఓట్లకు ముఖ్యమంత్రి తల ఒగ్గారు, ఆ పై మూడు నెలలకు జనం పోలింగ్ కేంద్రాలకు వెళ్ళారు. స్వరాజ్యం వచ్చి ఏడేళ్ళే అయినా, ఒక ఓటుతో ప్రభుత్వం పోతుందన్న మాట ఎవరికీ వింతగా తోచలేదు.

1955 ఫిబ్రవరి ఎన్నికలు చీలిన ఇంటిని మళ్ళీ కలిపాయి. కమ్యూనిస్టులు గెలుస్తారన్న భయం కాంగ్రెస్, కృషికార్ లోక్, ప్రజా పార్టీలను ఒక్కతాటి మీదికి తెచ్చింది. జనవరిలో ఆవడి మహాసభలో కాంగ్రెస్ సామ్యవాద తరహా సమాజమే లక్ష్యమని తీర్మానించి, ఎదుటివారి నినాదాన్ని చేజిక్కించుకుంది. అదే నెలలో మాస్కో పత్రిక ప్రావ్దా నెహ్రూ విధానాలను మెచ్చుకుంటూ రాసిన సంపాదకీయాన్ని కాంగ్రెస్ ఊరూరా ప్రచారం చేసింది. 196 స్థానాల్లో కాంగ్రెస్‌కు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5 దక్కాయి. కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు వచ్చాయి; సీట్లు మాత్రం 15. బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు, సంజీవరెడ్డి మళ్ళీ ఉపముఖ్యమంత్రి.

మూడోవంతుకు దగ్గరగా ఓట్లున్న పక్షానికి సభలో పదమూడోవంతు స్థానం కూడా లేని ఆ ఫలితం తరువాతి పాతికేళ్ళకు దారి వేసింది. ఎదుటి పక్షానికి బలం లేకపోయేసరికి, పోటీ అంతా కాంగ్రెస్ లోపలికి వెళ్ళింది. జిల్లాలో అధికార పక్షమూ కాంగ్రెస్సే, దాన్ని ఎదిరించే పక్షమూ కాంగ్రెస్సే. ఊళ్ళో రెండు పార్టీలంటే ఒకే జెండా కింద ఉన్న రెండు వర్గాలని అర్థం. 1959లో పంచాయతీ రాజ్ వచ్చి సమితి అధ్యక్ష పదవులు, జిల్లా పరిషత్ పదవులు పుట్టాక ఈ వర్గాలకు గెలవడానికి కొత్త గద్దెలు దొరికాయి. రోడ్డు, బావి, బడి, అప్పు, ఏది కావాలన్నా సమితి గుమ్మం ఎక్కాలి. కాబట్టి సమితిని ఏ వర్గం గెలిచిందన్నది ప్రతి ఊరికీ కడుపు సంగతి అయింది.

కాంగ్రెస్ ఇల్లు ఎంత పెద్దదో చెప్పడానికి కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య కథ చాలు. 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి సంజీవరెడ్డి. రాజధాని హైదరాబాదుకు వెళ్ళింది, కర్నూలు మళ్ళీ జిల్లా కేంద్రమైంది. 1960 జనవరిలో సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్ళగా సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన మొదటి దళితుడు ఆయనే. 1962 మార్చిలో సంజీవరెడ్డి తిరిగి వచ్చి ముఖ్యమంత్రి అయ్యారు, కొద్ది కాలానికే సంజీవయ్య కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. రెండేళ్ళలో ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారు. పార్టీ అధ్యక్ష పదవికీ ప్రభుత్వ పదవికీ మధ్య గోడ ఎంత పలచనిదో ఇంతకన్న చెప్పనక్కరలేదు. సంజీవరెడ్డి ఆ సారి శాసనసభకు ఎన్నికైంది డోన్ నుంచి. నేడు బేతంచెర్ల మండలం ఉన్నదీ ఆ డోన్ నియోజకవర్గంలోనే.

ఆ 1962 మార్చి నెల మొదట్లోనే బర్మాలో జనరల్ నే విన్ సైన్యంతో అధికారం లాక్కున్నారు. స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీ వర్గాలుగా చీలి కొట్టుకుంటుంటే సైన్యం వచ్చి కూర్చుంది. తరాలుగా రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేసిన తెలుగు వాళ్ళలో మిగిలినవారు ఆ తరువాతి ఏళ్ళలో ఓడలెక్కి తిరిగి వచ్చారు. వర్గాల కొట్లాట కర్నూలు జిల్లాలోనూ తక్కువది కాదు. కానీ ఇక్కడ దాని తీర్పు కోర్టు మెట్లెక్కింది.

వివాదం బస్సుల మీద వచ్చింది. ఆ రోజుల్లో రాయలసీమ ఊళ్ళకు బస్సు అంటే ప్రైవేటు బస్సే. బస్సు యజమాని చేతిలో నగదు ఆడుతుంది, అతని కింద డ్రైవర్లు, క్లీనర్లు, ఏజెంట్లు ఉంటారు. ఎన్నికలొస్తే మనుషులను మోసేదీ ఆ బండ్లే. కాబట్టి బస్సు రూటు వ్యాపారమే కాదు, రాజకీయ బలం కూడా. 1958 జనవరిలో రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడ్డాక రూట్లను ఒక్కొక్కటిగా జాతీయం చేయడం మొదలైంది. చట్టం ప్రకారం సంస్థ పథకం తయారు చేయాలి, ప్రైవేటు యజమానుల అభ్యంతరాలు ప్రభుత్వం వినాలి, తరువాతే ఆమోదించాలి. కృష్ణా జిల్లా రూట్ల మీద వచ్చిన మొదటి వ్యాజ్యంలో అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయించింది ముఖ్యమంత్రి. విన్నవారే నిర్ణయించాలని సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఆ తీర్పు రాసిన కోకా సుబ్బారావు అంతకుముందు గుంటూరులో ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి.

కర్నూలు జిల్లా వ్యాజ్యం ఇంకా సూటిగా తగిలింది. జిల్లా పడమటి భాగాన్ని ముందుగా ఎంచుకోవడం వెనుక ప్రజల మేలు లేదనీ, తన రాజకీయ ప్రత్యర్థులను దెబ్బ తీయడానికి ముఖ్యమంత్రి చేయించిన పని అదనీ బస్సు యజమానులు ఆరోపించారు. హైకోర్టులో వాళ్ళకు చుక్కెదురైంది. సుప్రీంకోర్టు ఒక చిన్న విషయం పట్టుకుంది. ఆరోపణ ముఖ్యమంత్రి మీద. జవాబు ప్రమాణపత్రాలు దాఖలు చేసినది వేరేవాళ్ళు. సంగతి స్వయంగా తెలిసిన ముఖ్యమంత్రి కాదని ప్రమాణం చేయనప్పుడు ఆరోపణ ఖండించబడినట్టు ఎలా అనుకోవాలన్నది కోర్టు ప్రశ్న. 1964 ప్రారంభంలో ఆ పథకాలు దురుద్దేశంతో కూడినవని కొట్టేసింది. ఆ ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

సరిగ్గా ఆ వారాల్లోనే ఘనాలో ఏం జరిగిందో చూడండి. 1963 డిసెంబరులో రాజద్రోహం కేసులో కొందరు ముద్దాయిలను కోర్టు విడిచిపెట్టినందుకు అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా ప్రధాన న్యాయమూర్తి ఆర్కు కోర్సాను పదవి నుంచి తీసేశారు. మరుసటి నెలలో జరిపిన ప్రజాభిప్రాయ సేకరణతో ఘనా ఏకపార్టీ రాజ్యమైంది. ఎన్‌క్రుమా పార్టీ కూడా స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీయే, జనం మెచ్చిన పార్టీయే. అక్కడ తీర్పు నచ్చక న్యాయమూర్తి పోయాడు. ఇక్కడ తీర్పు వచ్చాక ముఖ్యమంత్రి పోయారు. అయితే ఇందులో మరీ మురిసిపోవడానికీ లేదు. పదవి పోయిన సంజీవరెడ్డిని పార్టీ వదులుకోలేదు. జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి ఆయన్ను కేంద్రమంత్రిని చేశారు. పార్టీ తన మనిషిని కాపాడుకుంది, కోర్టు నియమాన్ని కాపాడింది. అంతకు అయిదేళ్ళ ముందు కేరళలో సభలో మెజారిటీ ఉన్న కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని ఢిల్లీ బర్తరఫ్ చేసిన సంగతీ మరిచిపోకూడదు. కళ్ళెం అన్నిచోట్లా ఒకే తీరుగా పనిచేయలేదు.

మూడో కళ్ళెం ఓటరు చేతిలోది. 1969లో సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికార అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలబడితే, ఇందిరాగాంధీ మొగ్గు వి.వి.గిరి వైపు పోయింది. సంజీవరెడ్డి ఓడారు, కాంగ్రెస్ రెండుగా చీలింది. 1977 మార్చిలో అత్యవసర పరిస్థితి తరువాత ఎన్నికలు వచ్చాయి. ఉత్తరాది అంతటా కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోతే ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే అయ్యాయి. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. జనతా పార్టీ తరఫున గెలిచింది సంజీవరెడ్డి. ఆయన ఆ నెలలోనే లోక్‌సభ స్పీకరై, జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

నంద్యాల ఫలితాన్ని నియంతృత్వంపై ఓటరు ఆగ్రహంగా రాయడం సులువు. చుట్టుపక్కల నియోజకవర్గాలు కాంగ్రెస్‌నే గెలిపించాయని గుర్తు చేసుకుంటే ఆ మాట నిలవదు. కాంగ్రెస్‌ను ఓడించాలన్నా పాత కాంగ్రెస్ పెద్దే దిగిరావాల్సి వచ్చిందన్నది అసలు సంగతి. ప్రకాశం, రంగా, సంజీవరెడ్డి వంటి పెద్దలు అలిగి బయటికి వెళ్ళినా, ఎదిరించినా, తిరిగి కలిసినా ఒకే గూటి మనుషులు. ఆ గూటికి బయట పుట్టి బలంగా ఎదిగిన కమ్యూనిస్టు పార్టీ 1955 దెబ్బ నుంచి కోలుకోలేదు, 1964లో తానే రెండుగా చీలింది.

గూడు చెదరడానికి లోపలి కుమ్ములాటే కారణమైంది. 1978 తరువాత నాలుగేళ్ళలో ఢిల్లీ అధిష్ఠానం మర్రి చెన్నారెడ్డి, టి.అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి అంటూ నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. ఒకప్పుడు జిల్లా వర్గాలు తేల్చుకునే లెక్క ఇప్పుడు ఢిల్లీలో తేలేది. 1982 మార్చి 29న ఎన్.టి.రామారావు తెలుగుదేశం స్థాపించారు, తొమ్మిది నెలలకే ఎన్నికల్లో గెలిచారు. 1983 జనవరిలో ఆయనకు అధికారం అప్పగించిన కాంగ్రెస్ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డిది కర్నూలు జిల్లాయే. ఆంధ్ర రాష్ట్రం పుట్టిన ముప్పయ్యో ఏట కాంగ్రెస్ నుంచి ఇంకో పార్టీకి అధికారం మారడం ఇదే తొలిసారి. కరణాలు, మునసబుల వంశపారంపర్య పదవులు, తాలూకాలు, సమితులు కొత్త ప్రభుత్వంలో రద్దయ్యాయి. మండలాలు వచ్చాయి. బేతంచెర్ల మండల కేంద్రమైంది. అలా రెండో పార్టీ పాలన ఊరి పటం దాకా వచ్చింది.

ఈ ముప్పై ఏళ్ళ లెక్క తీస్తే ఒక మాట స్పష్టంగా నిలుస్తుంది. కొత్తగా స్వతంత్రమైన దేశంలో ఒకే పార్టీ చాలాకాలం ఏలడం దానంతట అదే ప్రమాదం కాదు. ఆ పార్టీ ఓటు లెక్కకు, కోర్టు తీర్పుకు, ఓటరు మాటకు లొంగడం నేర్చుకుందా లేదా అన్నది ముఖ్యం. కర్నూలు సీమలో ఆ పాఠం ఇష్టపడి నేర్చుకున్నది కాదు. గీత కార్మికుల పొట్ట, బస్సు యజమానుల నష్టం, ఒక పెద్ద నాయకుడి పంతం దాన్ని నేర్పాయి. మనం మెచ్చుకునే పద్ధతులు చాలావరకు సొంత అవసరం కోసం కలబడిన మనుషుల వల్లే గట్టిపడ్డాయి. శ్రీబాగ్ నీళ్ళ హామీకి అటువంటి గట్టి పద్ధతి ఏదీ దొరకలేదు. దాని కోసం సభలో ఒక్క ఓటు తేడాతో ఏ ప్రభుత్వమూ పడలేదు, ఏ ముఖ్యమంత్రీ కోర్టు మాటకు రాజీనామా చేయలేదు. నంద్యాల పడమటి మెట్టల్లో ఆ ప్రశ్న ఇప్పటికీ ప్రతి ఎన్నికలోనూ తలెత్తడానికి కారణం అదే.